మూలకంటిన సిరా

కలకత్తా,
18 నవంబరు 2024

పెద్దబాపూ,

నీ ఉత్తరం చేరింది. నాలుగు మూలలా పసుపు పూసి పంపావు కదా, హాస్టల్‌లో అందరూ నాకు పెళ్లి కుదిరిందనుకున్నారు. మెస్‌లో ఇద్దరు వచ్చి అభినందనలు కూడా చెప్పారు. మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, సిద్దిపేటలో శుభలేఖల ప్రెస్ నడుపుతాడు, కరెంటు బిల్లు చేతికిచ్చినా మూలలకు పసుపు పెడతాడు అని చెప్పి బయటపడ్డాను.

ఉత్తరాలే రాయమన్నందుకు మొదట్లో విసుక్కున్నాను. కానీ మొన్న ఫోన్‌లో నేను "తిన్నా" అంటే నువ్వు "తన్నిన్రా? ఎవడాడు?" అని అరిచావు చూడు, అప్పటితో ఆ విసుగు పోయింది. ట్రెడిల్ అచ్చు మిషన్ పక్కన నలభై ఏళ్లు నిలబడ్డ చెవులు మరి.

"గ్రీకు దేవుళ్లు, రోమన్ దేవుళ్లు మనకేమైతరే?" అని అడిగావు. చుట్టాలే. నువ్వు ఎక్కి తిరిగే హెర్క్యులెస్ సైకిల్ ఉందే, ఆ పేరు గలవాడు పన్నెండు అసాధ్యమైన పనులు చేసిన బలశాలి. నువ్వు ఏటా అచ్చువేసే క్యాలెండర్‌లో జనవరి అంటే జేనస్ నెల. ఆయన వాకిలి దేవుడు, రెండు ముఖాలు. ఒకటి పోయిన ఏడును చూస్తుంది, ఇంకోటి వచ్చే ఏడును. జూన్ అంటే పెళ్లిళ్లను కాపాడే జూనో నెల అంటారు, కాబట్టి నీ వ్యాపారానికి ఆమే దిక్కు. ఇక మన ప్రెస్ పేరు! మెర్క్యురీ అంటే రోమన్ల వార్తాహరుడు. చెప్పులకు రెక్కలుంటాయి. వ్యాపారులకూ ఆయనే దేవుడు, చనిపోయినవాళ్లకు దారి చూపేదీ ఆయనే. తాతకు ఈ సంగతులన్నీ ఎవరు చెప్పారు?

నాకో చిక్కు వచ్చింది. ఫిబ్రవరి ఇరవైన, గ్రీకు రోమన్ కథలు చదివే మా డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందు ఒక వ్యాసం చదవాలి. అది నచ్చితేనే మేడం నన్ను పీహెచ్‌డీకి తన దగ్గర చేర్చుకుంటుంది. ఉన్నది ఒక్క సీటు. నేను రాసింది చూపిస్తే "పాత కథను మళ్లీ చెప్పడానికి నువ్వెందుకు? మీ ఊళ్లో దీనికో చుట్టాన్ని వెతికి పట్టుకురా" అంది. సిద్దిపేటలో గ్రీకు చుట్టాన్ని ఎక్కడ వెతకను చెప్పు?

పెద్దమ్మ మోకాలు ఎలా ఉందో రాయి. తనను అడిగితే ఎప్పుడూ బాగుందనే అంటుంది.

నీ మనస్విని


సిద్దిపేట,
29 నవంబరు 2024

మనస్వినీ,

ముందే చెబుతున్నాను, నా నోటి మాట వేరు, చేతి రాత వేరు. సీసపు అక్షరాలు పేర్చి కంపోజింగ్ చేసిన చేతికి పుస్తకాల తెలుగు అంటుకుపోయింది. పరాయిగా అనిపిస్తే ఏమనుకోకు.

మీ తాతకు వేలిముద్ర తప్ప సంతకం రాదు. ఆయనకు రోమన్ దేవుడెవరు చెబుతారు? మేం ప్రెస్ పెట్టిన సందు మొగదల ఒక మెర్క్యురీ లైటు వేశారు. ఆ లైటు కింద తెల్లగా వెలుగు పడేది, పురుగులు కూడా అంతే పడేవి. జనం "గా మెర్క్యురీ కింది ప్రెస్సు" అనడం మొదలుపెట్టారు. బోర్డు రాయించేటప్పుడు ఏం పేరు పెడదామని అడిగితే మా బాపు "జనం పెట్టిండ్రు కద, మల్ల మనమేం పెట్టుడు?" అన్నాడు. అదీ సంగతి. నీ దేవుడు మా దగ్గరికి కరెంటు స్తంభం మీది నుంచి దిగాడు.

చనిపోయినవాళ్లకు దారి చూపేవాడని చదివి మీ పెద్దమ్మ జ్ఞానేశ్వరి బోర్డు మార్చమని కూర్చుంది. "పెండ్లి కార్డుల దుకాణానికి గా పేరేంది?" అంటుంది. నేను దినాల కార్డులు అచ్చు వేయనని సిద్దిపేటలో అందరికీ తెలుసు. అడగడానికి వచ్చినవాళ్లను పక్క సందులో కర్ణాకర్ దగ్గరికి పంపుతాను. కనుక మీ మెర్క్యురీ నా దగ్గర సగం పనే చేస్తాడని ఆమెకు సర్ది చెప్పాను. మోకాలు బాగాలేదు. బాగుందని అబద్ధం చెబుతుంది.

ఆ సీటు నీదే కావాలి. మీ నాయిన రత్నాకర్ చదువు పదో తరగతితో ఆగింది. నా చదువు అంతకంటే ముందే. ఇంట్లో ఒక్కరైనా చివరిదాకా పోవాలి. అటక మీద నలభై ఏళ్ల శుభలేఖల నమూనాలున్నాయి. ఏం కావాలో రాయి, దుమ్ము దులిపి పంపుతాను.

ఆ తన్నినవాడి సంగతి మాత్రం నాకు ఇంకా అనుమానమే.

పెద్దబాపు


కలకత్తా,
10 డిసెంబరు 2024

పెద్దబాపూ,

చుట్టం దొరికింది! నీ పసుపులోనే ఉంది.

ముందు కథ విను. ఏథెన్స్ రాజు ఈజియస్‌కు థీసియస్ అని ఒక కొడుకు. క్రీట్ ద్వీపంలో ఎద్దు తల ఉన్న రాక్షసుడికి ఏథెన్స్ పిల్లలను బలిగా పంపాల్సి వచ్చేది. వాణ్ణి చంపి వస్తానని ఈ కొడుకు బయలుదేరాడు. అది చావుకు పోయే ఓడ కనుక నల్ల తెరచాప కట్టారు. తండ్రి ఒక్కటే అడిగాడు, బతికి వస్తే తెల్ల తెరచాప ఎత్తించు, దూరం నుంచే నాకు తెలుస్తుంది అని. కొడుకు రాక్షసుణ్ణి చంపాడు కానీ తిరిగి వస్తూ తెరచాప మార్చడం మరిచాడు. కొండ అంచున నిలబడి ఎదురుచూస్తున్న తండ్రికి నల్ల తెరచాప కనబడింది. ఆయన సముద్రంలో దూకేశాడు. ఆ సముద్రాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

వార్త ఓడలో క్షేమంగానే ఉంది. దానికంటే ముందు గుర్తు చేరింది. అంతే తేడా.

మన దగ్గర శుభవార్తకు మూలలకు పసుపు. చావు కబురైతే మూలకు నల్ల సిరా పూసేవారట కదా? దాన్ని గడప లోపలికి తేరని, బయటే చదివించుకొని చింపేస్తారని చిన్నప్పుడు విన్నాను. చదువు రానివాళ్లకు కూడా చేతిలో పడగానే తెలియాలని పెట్టిన గుర్తు. అది తెరచాప కాక మరేమిటి? మేడంకు చెబితే కుర్చీలోంచి లేచింది. "అలాంటి ఉత్తరం ఒకటి తీసుకురా, లేదా ఆ గుర్తు వల్ల మోసపోయిన మనిషి కథ ఒకటి తీసుకురా, సీటు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం" అంది.

నువ్వు యాభై ఏళ్లుగా కాగితాల మధ్యే ఉన్నావు. నల్ల మూల ఉత్తరం ఒక్కటి దొరుకుతుందా? పొరపాటున నల్లమరక పడి ఎవరైనా బెదిరిపోయిన సంగతి నీకు తెలుసా? నా చదువంతా ఇప్పుడు నీ అటక మీదే ఉంది.

ఆత్రంగా,
మనస్విని


సిద్దిపేట,
22 డిసెంబరు 2024

మనస్వినీ,

అలాంటి ఉత్తరాలు మన దగ్గర లేవు. చింపేసేవి ఎవరు దాచుకుంటారు? మోసపోయినవాళ్లెవరూ నాకు తెలియదు.

వేరే కథ చూసుకో. ఆ రెండు ముఖాల దేవుడి కథ బాగుంది, దానిమీద రాయి. క్యాలెండర్లు ఎన్ని కావాలంటే అన్ని పంపుతాను.

చలికాలం, ఒళ్లు జాగ్రత్త.

పెద్దబాపు


కలకత్తా,
5 జనవరి 2025

పెద్దబాపూ,

నాలుగు ముక్కల ఉత్తరం పంపావు. దాన్లో పసుపే ఎక్కువుంది.

నాకు అర్థమైంది. పరాయి దేవుళ్ల కథల్లోకి మన ఇంటి పద్ధతులను లాగడం నీకు నచ్చలేదు. ఆ మాట సూటిగా చెప్పొచ్చు కదా. బాలమణి అత్తకు చిన్నకోడూరుకు ఫోన్ చేసి అడిగితే అక్కడా ఇదే వరస. నల్ల మూల అనగానే "గా ముచ్చట నన్నడుగకు బిడ్డా" అని ఫోన్ పెట్టేసింది. గంటసేపు పచ్చళ్ల గురించి మాట్లాడే మనిషి! మీ అన్నాచెల్లెళ్లు ఇద్దరూ మాట్లాడుకొని నా చదువును పక్కన పెట్టినట్టున్నారు.

ఇంకో వారం చూసి మేడంకు నావల్ల కాదని చెప్పేస్తాను. ఆ సీటు అడిగేవాళ్లు ఇంకో ముగ్గురున్నారు.

ఆ కథలో నాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. తెరచాప మార్చని ఆ కొడుకు తర్వాత రాజయ్యాడు, పెళ్లిళ్లు చేసుకున్నాడు, పేరు తెచ్చుకున్నాడు. తన మతిమరుపు వల్ల తండ్రి పోయిన సంగతి తలచుకొని ఎన్నాళ్లు బాధపడ్డాడో నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. మరిచిపోయి హాయిగా బతికినట్టున్నాడు.

ఉంటాను.
మనస్విని


సిద్దిపేట,
16 జనవరి 2025

మనస్వినీ,

మరిచిపోయి హాయిగా బతకలేదు.

బాలమణి చెప్పిందా నీకు? అది చెప్పకపోతే అంత సూటిగా నా గుండెకు తగిలేట్టు ఎలా రాస్తావు? చెప్పి ఉంటే దానికి తెలిసింది సగమే. మిగతా సగం నేను చెబుతాను.

1974. నాకు పందొమ్మిదేళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రెస్‌లో కంపోజింగ్ నేర్చుకుంటున్నాను. ఒకరోజు యజమాని పిలిచి ఉద్యోగం ఖాయం చేశానన్నాడు. ఆ సంతోషంలో అక్కడికక్కడే కూర్చొని ఇంటికి ఉత్తరం రాసి, చేతులు కడుక్కోకుండా మడిచి డబ్బాలో వేశాను. నా బొటనవేలి సిరా మూలకంటింది. నేను చూసుకోలేదు.

అప్పటికి మా అవ్వకు, అంటే మీ నానమ్మకు, పది రోజులుగా జ్వరం. బాపుకు చదువు రాదని చెప్పాను కదా. పోస్టుమ్యాన్ చేతిలో పెట్టగానే ఆయనకు నల్ల మూల కనబడింది. పట్నం నుంచి మాకు ఉత్తరం వచ్చేది నా దగ్గరి నుంచే. బయట చదివించుకొని ఆ తర్వాత చింపాలి, పద్ధతి అది. బాపు చదివించనే లేదు. గడప ముందే ముక్కలు చేసి, "నా కొడుకు పోయిండే" అని మంచంలో ఉన్న అవ్వ వినేటట్టే ఏడ్చి, నా శవాన్ని తెచ్చుకోవడానికి బస్సెక్కాడు.

సాయంత్రానికి ప్రెస్ వాకిట్లో నన్ను చూసి ఒళ్లంతా తడిమాడు. "బతికే ఉన్నవురా" అన్నాడు. మర్నాడు మొదటి బస్సుకు ఇద్దరం బయలుదేరాం. ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగితే నాకు చాయ్ తాగించి, పక్కనున్న పరాయివాళ్లకు కూడా "నా కొడుకు, పట్నంల నౌకరి" అని చెప్పి నవ్వాడు. బాపు అట్లా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు. మేం ఇల్లు చేరేసరికి అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. తెల్లవారుజామున పోయిందట.

ఊరంతా జ్వరమన్నారు. కొడుకు చచ్చాడనుకొని ఆమె ప్రాణం విడిచిందని బాపుకు తెలుసు, నాకు తెలుసు. ఆమెను చంపింది నా బొటనవేలు. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మీ నాయినకు అప్పుడు రెండేళ్లు. తొమ్మిదేళ్ల బాలమణి బడి మానేసి వాణ్ణి సంకనెత్తుకుంది.

అందుకే ఈ పసుపు. అందుకే దినాల కార్డులు వేయను. కాగితాన్ని ఎప్పుడూ మధ్యలో పట్టుకుంటాను, మూలలు ముట్టను. "గదేం పట్టుడు?" అని మీ పెద్దమ్మ నలభై ఏళ్లుగా అడుగుతూనే ఉంది. ఆమెకూ చెప్పలేదు. ఆ ఉత్తరంలో ఏ మాటలు రాశానో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. చింపినాయనకు చదువు రాదు. రాసినవాడికి నోరు రాలేదు.

నల్ల మూల ఒక్కటి అడిగావు. నా దగ్గర ఉన్నది ఇదే. పనికొస్తే వాడుకో. నా వల్ల నీ చదువు కూడా ఆగితే నేను తట్టుకోలేను.

పెద్దబాపు


కలకత్తా,
27 జనవరి 2025

పెద్దబాపూ,

నాకేమీ తెలియదు. అత్త ఏమీ చెప్పలేదు. కోపంలో కథ గురించి రాసిన మాట నీకు తగులుతుందని కలలో కూడా అనుకోలేదు. నన్ను క్షమించు.

ఇంకో తప్పు కూడా చేశాను. నిన్ను అడగకుండా నీ ఉత్తరం మొత్తం అత్తకు ఫోన్‌లో చదివి వినిపించాను. తర్వాత "అన్న గట్లనుకుంటుండా? గిన్నేండ్ల సంది?" అంది. ఆపైన ఏడుస్తూనే, "అవ్వను సంపింది నేను కద బిడ్డా. గా ముక్కలు లోపటికి తెచ్చింది నేనే" అంది.

జాగ్రత్తగా చదువు పెద్దబాపూ. తాత బస్సుకు పోయాక నానమ్మ అత్తను మంచం దగ్గరికి పిలిచిందట. "ఆఖరుకు ఏం రాయించిండో నా కొడుకు, సూడు" అని అడిగిందట. అత్త నాలుగో తరగతి. గడప బయటికి పోయి ముక్కలన్నీ గౌనులో ఏరుకొచ్చి, మంచం పక్కన నేల మీద పేర్చి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆ ఉత్తరం అత్తకు ఇప్పటికీ నోటికొచ్చు. నాకు అప్పజెప్పింది. నువ్వు రాసిన దాంట్లో ఈ మాటలున్నాయట:

"నౌకరి పక్కా అయింది. ఇప్పుడు నేను అక్షరాలను తలకిందులుగా కూడా చదువుతాను. అవ్వ గంజి తాగుతున్నదా?"

ఇది నిజమేనా? ఇవే మాటలా?

నానమ్మ మూడుసార్లు చదివించుకుందట. మూడోసారి నవ్విందట. "సక్కగ సదువుడే రాకపాయె వీనికి, ఉల్టా సదువుతడట!" అందట. గంజి పెట్టమని అడిగి తాగింది. "మీ బాపు ఉత్తగనే ఉరికిండు, రేపు వస్తడు తియ్యి" అని పడుకుంది. మళ్లీ లేవలేదు.

చావు ఉత్తరాన్ని గడప దాటించాను కాబట్టే అవ్వ పోయిందని ఆ తొమ్మిదేళ్ల పిల్ల అనుకుంది. ముక్కలు పొయ్యిలో వేసింది. తంతారని ఎవరికీ చెప్పలేదు. పెద్దయ్యాక చెప్పడానికి మరీ భయమేసిందట. ఒక్క చావును మీరిద్దరూ చెరో మూల నుంచి యాభై ఏళ్లు మోశారు. నానమ్మకు నువ్వు బతికున్నావని తెలుసు. నవ్వి, గంజి తాగి, జ్వరంతో పోయింది.

ఈ కథలో నాకు కావలసింది నల్ల మూల అనుకున్నాను. కాదు. ఓడ ఒడ్డుకు చేరేదాకా ఆగి చూద్దామన్నవాళ్లు ఆ రాజు దగ్గర ఎవరూ లేరు. మన ఇంట్లో ఒక చిన్నపిల్ల ఆగింది, ముక్కలు ఏరి చదివింది. మీరిద్దరూ ఒప్పుకుంటేనే ఇది వ్యాసంలో రాస్తాను. లేకపోతే సీటు పోనీ, నాకేం బాధ లేదు.

అత్త నీ కోసం చూస్తోంది. నీకు ఫోన్‌లో వినబడదు, తనకేమో ఉత్తరం రాయడం అలవాటు లేదట.

నీ మనస్విని


సిద్దిపేట,
8 ఫిబ్రవరి 2025

మనస్వినీ,

నిజమే. అక్షరం పొల్లు పోలేదు. "తాగుతున్నదా" అని రాసి, కొట్టేసి మళ్లీ "తాగుతున్నదా" అనే రాశాను, అది కూడా గుర్తుంది నాకు.

నీ ఉత్తరం అందిన రోజు మీ పెద్దమ్మకు అంతా చెప్పాను. ఆమె కాసేపు నా చేతుల వంక చూసింది. "గిదా సంగతి. నేను నీకు చేతుల నొప్పి అనుకున్న" అని లోపలికి పోయి చీర మార్చుకొని వచ్చింది. మోకాలు నొప్పి ఏమైందో, నాకంటే ముందు ఆటో ఎక్కింది.

చిన్నకోడూరులో బాలమణి వాకిట్లోనే నిలబడి ఉంది. ఏదో చెబుతోంది, నాకు వినబడడం లేదు. ఇంకాస్త గట్టిగా చెప్పమన్నాను. యాభై ఏళ్లు ఎవరికీ చెప్పకుండా దాచిన ముచ్చటను పాపం వాడకట్టంతా వినేటట్టు అరిచి చెప్పాల్సి వచ్చింది. "నువ్వు సంపలేదన్నా!" అని అది, "నువ్వు సంపలేదే!" అని నేను. పక్కింటివాళ్లు ఏదో హత్య జరిగిందని పరుగెత్తుకొచ్చారు. జ్వరంతో పోయిందని అప్పుడే ఊరంతా చెప్పింది. మేమిద్దరమే నమ్మలేదు.

దాన్ని నేను ఒక్కటే అడిగాను, అవ్వ నిజంగా నవ్విందా అని. నవ్వింది అంది. మూడుసార్లు అడిగాను. వినబడక కాదు.

బాపు గురించి మాత్రం ఇద్దరం ఏడ్చాం. ఈ సంగతి తెలియకుండానే ఆయన పోయాడు.

వ్యాసంలో రాయి. బాలమణి ఒప్పుకుంది. దాని పేరు పెట్టే రాయి, నాలుగో తరగతి దాకా చదివిందని కూడా రాయి. ఆ చదువు ఎందుకు పనికొచ్చిందో మీ మేడంకు చెప్పు. సీటు ఇస్తే ఇస్తుంది, లేకపోతే ఇంకో ఏడాది వస్తుంది.

దీంతో పాటు ఒక చిన్న కాగితం పెట్టాను. నిన్న పాత సీసపు అక్షరాలు దించి, ఆ మూడు మాటలు కంపోజ్ చేసి, ట్రెడిల్ మీద అచ్చు వేశాను. అక్షరాలు పేర్చేటప్పుడు తలకిందులుగానే చదివాను, ఇంకా వస్తోంది. ఒకటి బాలమణికి, ఒకటి నీకు. మీ నాయినకు నేనే తీసుకుపోయి చదివి వినిపిస్తాను, అవ్వ ఎట్లా నవ్వేదో వాడికి గుర్తు లేదు.

ఈ ఉత్తరానికి పసుపు పూయలేదు. సిరా చేత్తోనే మడిచాను. మూలకు నా బొటనవేలు అంటింది. ఈసారి చూశాను, చూసి కూడా అట్లాగే వదిలేశాను. నేను, మీ పెద్దమ్మ, బాలమణి, ముగ్గురం బాగున్నాం. ఈ మాట దాకా వచ్చావంటే నువ్వు చింపకుండా చదివావన్నమాట.

పెద్దబాపు